ఫార్మసిస్టు సాయంతో ముందుజాగ్రత్త ఆరోగ్య ప్రణాళిక వేసుకోవడం ఎలా?

డాక్టరు మనల్ని చూసేది మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి. మందుల షాపులో ఫార్మసిస్టు మాత్రం నెలనెలా చూస్తారు. బీపీ మాత్రలు అయిపోయి పది రోజులైనా మళ్లీ కొనలేదన్నది, గ్యాస్ మాత్రలు రెండు నెలలుగా వారం వారం కొంటున్నారన్నది, ఇద్దరు డాక్టర్లు ఒకే మందును వేర్వేరు కంపెనీ పేర్లతో రాశారన్నది ముందుగా తెలిసేది ఆ కౌంటర్ దగ్గరే. జబ్బు రాకుండా చూసుకోవడానికీ, వచ్చినదాన్ని ముదరనివ్వకుండా ఆపడానికీ ఇంత పనికొచ్చే సమాచారం చేతిలో ఉన్న మనిషిని చీటీ ఇచ్చి ప్యాకెట్ తీసుకోవడానికే వాడుకుంటున్నాం.

ఫార్మసిస్టు జబ్బును నిర్ధారించరు. మందులు సరిచూస్తారు, కొలవాల్సినవి కొలుస్తారు, ఎప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెబుతారు. ఈ మూడూ సరిగ్గా జరగాలంటే మీ వైపు నుంచి చేయాల్సిన పనులున్నాయి. వాటిని వరసగా చెప్పుకుందాం.

ముందు ఒకే షాపు, ఒకే మనిషి

మందులన్నీ ఒకేచోట కొనడం మొదలుపెట్టండి. తలనొప్పి మాత్ర ఒకచోట, షుగర్ మందు మరోచోట, విటమిన్లు ఆన్‌లైన్‌లో కొంటే మీ పూర్తి లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడు ఎంత మంచి ఫార్మసిస్టయినా సగమే చూడగలరు.

కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లందరూ ఫార్మసిస్టులు కారు. "ఇక్కడ ఫార్మసిస్టు ఎవరండీ, ఏ టైములో ఉంటారు?" అని మొహమాటపడకుండా అడగండి. ఎంచుకునేముందు నాలుగు విషయాలు గమనించండి: మీరు కొన్న మందుల రికార్డు ఉంచుతున్నారా, పక్కకు పిలిచి మాట్లాడేందుకు చోటుందా, కొత్త మందు ఇచ్చేముందు "ఇంకేమైనా వాడుతున్నారా, ఏ మందైనా పడదా?" అని అడుగుతున్నారా, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగితే ఏమంటున్నారు. చివరిదానికి "ఎన్ని కావాలి?" అన్న జవాబు వస్తే ఇంకో షాపు చూసుకోవడం మంచిది.

ఏయే సేవలు దొరుకుతాయన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబర్ నుంచి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ తరఫునే మందుల షాపుల్లో బీపీ చూసి, తెలియకుండా ఉన్న రక్తపోటును పట్టుకునే కార్యక్రమం నడుస్తోంది. అమెరికా, కెనడా, పోర్చుగల్ వంటి చోట్ల ఫార్మసిస్టులు టీకాలు కూడా వేస్తారు. కొన్ని దేశాల్లో సలహా వరకే అనుమతి. అందుకని మొదటి రోజే అడిగి తెలుసుకోండి: బీపీ చూస్తారా, వేలి చుక్కతో షుగర్ చూస్తారా, టీకాలు వేస్తారా, మందులన్నీ ముందేసుకుని సమీక్ష చేస్తారా.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం ఉన్నవాళ్లకు లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒక పరీక్ష చెప్పాలి. 52 బార్బర్ షాపులకు వచ్చే, బీపీ అదుపులో లేని 319 మంది నల్లజాతి పురుషులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు దగ్గరికి ఫార్మసిస్టులే బార్బర్ షాపుకు వెళ్లి, డాక్టర్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం మందులు రాసి, డోసులు సరిచేశారు. రెండో గుంపుకు బార్బర్లే మంచి అలవాట్లు చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లమని ప్రోత్సహించారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలలకు పై బీపీ మొదటి గుంపులో సగటున 27 పాయింట్లు, రెండో గుంపులో 9 పాయింట్లు తగ్గింది. వాళ్లకు ఇచ్చినవి కొత్తగా కనిపెట్టిన మందులేమీ కావు. మాటిమాటికీ కలవడం, కలిసినప్పుడల్లా కొలవడం, కొలిచినప్పుడల్లా అవసరమైతే మార్చడం, ఇంతే తేడా.

సంచీ నింపండి

ఫార్మసిస్టుకు చూపించడానికి ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచీలో వేయండి. అన్నీ అంటే అన్నీ: రోజువారీ మాత్రలు, అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్రలు, దగ్గు సిరప్, కంటి చుక్కలు, ఇన్‌హేలర్, ఇన్సులిన్ పెన్ను, చర్మానికి రాసే ఆయింట్‌మెంట్లు, కాల్షియం, ఐరన్, ప్రొటీన్ పొడి, ఆయుర్వేదం, హోమియో, ఎవరో మంచిదని ఇస్తే తెచ్చుకున్న పొడి. "ఇది మందు కాదులే" అని వదిలేసినదే తరచూ గొడవ తెచ్చేది. వాడటం ఆపేసినవి కూడా వేయండి. ఎందుకు ఆపారో ఫార్మసిస్టుకు తెలియాలి. ఫ్రిజ్‌లో ఉండాల్సినవి మాత్రం కదపకుండా పెట్టె ఫొటో తీసుకెళితే సరిపోతుంది.

సంచీలో వేసేముందు మాత్రల్ని షీటులోంచి తీసి డబ్బాలో పోయకండి. పేరు, మోతాదు, గడువు తేదీ ఉన్న అంచు కత్తిరించేసిన షీటుతో ఎవరూ ఏమీ చేయలేరు.

తర్వాత ఒక కాగితం మీద ఒక్కో మందుకు ఒక్కో వరస రాయండి. కంపెనీ పేరు కింద అసలు మందు పేరు తప్పక ఉండాలి, ఎందుకంటే పోల్చి చూడాల్సింది దాన్నే. వరస ఇలా ఉంటే చాలు:

ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. / ఉదయం 1 / బీపీకి / ఎవరు రాశారు / ఎప్పటి నుంచి / వారంలో ఎన్నిసార్లు మర్చిపోతారు

చివరి గడి దగ్గర అందరూ అబద్ధం రాస్తారు. నిజం రాయండి. వారానికి మూడు రోజులు మర్చిపోయే మనిషి "రోజూ వేసుకుంటున్నా" అంటే, మందు పనిచేయట్లేదనుకుని డాక్టరు డోసు పెంచుతారు. ఆ పెంచిన డోసును ఏదో ఒక వారం మర్చిపోకుండా వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోయే పరిస్థితి వస్తుంది.

కాగితం పైభాగంలో వయసు, బరువు, పడని మందులు (పడకపోతే ఏమైందో కూడా: దద్దుర్లా, ఊపిరాడకపోవడమా, వికారం మాత్రమేనా), ఉన్న జబ్బులు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉంది, అమ్మానాన్నలకు, తోబుట్టువులకు గుండెజబ్బు, షుగర్, క్యాన్సర్ ఏ వయసులో వచ్చాయి అన్నవి రాయండి. గర్భం దాల్చే ఆలోచన ఉన్నా, పాలిస్తున్నా పెద్ద అక్షరాలతో రాయాలి.

మందుల సమీక్షలో ఏం వెతకాలి

జనం తక్కువగా ఉండే వేళ చూసుకుని, ముందుగా చెప్పి వెళ్లండి. సంచీ, కాగితం రెండూ బల్ల మీద పెట్టి ఒక్కో మందుకు మూడు ప్రశ్నలు అడగండి: ఇది దేనికి? ఇంకెన్నాళ్లు? ఇది పనిచేస్తోందో లేదో, హాని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఏ పరీక్ష, ఎప్పుడు?

సమీక్షలో ఎక్కువగా బయటపడేవి ఇవి.

పారాసిటమాల్ రెట్టింపవడం. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు ఇంకో మాత్ర, ఒళ్లునొప్పులకు మరొకటి వేసుకుంటారు, మూడింటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 మి.గ్రా. మాత్రలు ఎనిమిది, గరిష్ఠ హద్దు. బరువు 50 కిలోల లోపు ఉన్నా, లివర్ జబ్బున్నా, మద్యం అలవాటున్నా హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

నొప్పి మాత్రలు, బీపీ మందులు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీ పెంచుతాయి. రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ జాతి మందు ఒకటి, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర ఒకటి ఇప్పటికే వాడుతున్నవాళ్లు పైన ఈ నొప్పి మాత్ర కూడా వేసుకుంటే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. వాంతులు, విరేచనాలతో నీరసించి ఉన్నప్పుడైతే మరీ ప్రమాదం. కాబట్టి ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో ఏ మందులు తాత్కాలికంగా ఆపాలో (షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, పైన చెప్పిన బీపీ మందులు సాధారణంగా ఈ జాబితాలో ఉంటాయి) ఆరోగ్యంగా ఉన్నప్పుడే డాక్టరును అడిగి కాగితం వెనక రాయించుకోండి. విరేచనాలు పట్టుకున్న అర్ధరాత్రి ఈ సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

మందు తెచ్చిన బాధకు ఇంకో మందు. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి చీలమండలు వాస్తాయి. దాన్ని వేరే జబ్బనుకుని నీరు పోయే మాత్ర మొదలవుతుంది, దాంతో పొటాషియం పడిపోతుంది, దానికి ఇంకో సిరప్. ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్లలో కొందరికి వదలని పొడి దగ్గు వస్తుంది. నెలల తరబడి దగ్గు మందు తాగుతారు తప్ప, దగ్గు బీపీ మాత్ర వల్ల వస్తోందని తట్టదు. కొత్త బాధ ఏది మొదలైనా దానికి ముందు రెండు మూడు నెలల్లో ఏ మందు మొదలైందో, ఏ డోసు పెరిగిందో వెనక్కి చూడండి. కొన్న తేదీలు ఫార్మసిస్టు రికార్డులో ఉంటాయి కాబట్టి ఈ పని వాళ్లే బాగా చేయగలరు.

వేళలు కలవకపోవడం. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అదుపులోకి రావట్లేదని డోసు పెంచుకుంటూ పోయేవాళ్లు ముందు ఈ ఎడం సరిచూసుకోవాలి. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లు ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని దెబ్బతినవచ్చు. అలాంటివాళ్లు అడగకుండా ఐబుప్రొఫెన్ కొనకూడదు.

ఏళ్ల తరబడి సాగిపోయే మందులు. గ్యాస్‌కు రాసిన ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కొన్ని వారాలకే ఉద్దేశించినవైనా ఏళ్లపాటు నడుస్తుంటాయి. ఉన్నపళంగా ఆపితే ఆమ్లం ఒక్కసారిగా ఎగదన్ని మంట మళ్లీ మొదలవుతుంది, "ఇది లేకుండా ఉండలేను" అనిపిస్తుంది. మెల్లగా తగ్గించాలి. పేగుల్లో రక్తస్రావం జరగకుండా ఉండటానికి వాడేవాళ్లు మాత్రం తమంతట తాము ఆపకూడదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతుంటే బీ12 పరీక్ష చేయించమని గుర్తుచేయడం మంచి ఫార్మసిస్టు లక్షణం. అరికాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లేనని సరిపెట్టుకుంటే, నయం చేయగలిగిన బీ12 లోపం మరుగున పడిపోతుంది.

65 దాటినవాళ్ల విషయంలో నిద్రమాత్రలు, మత్తు తెచ్చే జలుబు మందులు (క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్) ఉన్నాయేమో చూడమనండి. తడబడి పడిపోవడం, మాట తికమక, మూత్రం ఆగిపోవడం వంటివి వీటితో వస్తాయి, వయసు మీద నెట్టేస్తుంటారు.

"గుండెకు మంచిది" అని ఎవరికి వాళ్లే ఆస్పిరిన్ మొదలుపెట్టడం మానుకోవాలి. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు దాని లాభం వేరు. ఏమీ రానివాళ్లు 60 దాటాక కొత్తగా మొదలుపెట్టవద్దని, రక్తస్రావం ముప్పు వల్ల నికర లాభం ఉండదని 2022లో అమెరికా నివారణ సేవల కమిటీ చెప్పింది.

సమీక్ష అయ్యాక ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. ఫార్మసిస్టు చెప్పిన సందేహాలను ఒక చిన్న కాగితం మీద వాళ్ల చేతే రాయించుకుని డాక్టరుకు చూపించండి. నోటిమాటగా చెబితే "ఆ షాపాయన ఏదో అన్నాడు" అన్నంత వరకే డాక్టరుకు చేరుతుంది.

బీపీ కొలవడం: ఇక్కడ తొందర పనికిరాదు

ముందుజాగ్రత్తలో అన్నింటికంటే విలువైన కొలత ఇదే, అన్నింటికంటే తప్పుగా తీసే కొలతా ఇదే. షాపులోకి నడిచి వచ్చి, నిలబడి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టించుకుని, మాట్లాడుతూ తీసిన అంకె కాగితం మీద రాయకపోవడమే మేలు.

కొలిచే అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో, పాదాలు రెండూ నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చర్మం మీదే చుట్టాలి, దాని కింది అంచు మోచేతి మడత కంటే రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. మిషన్ నడుస్తున్నంతసేపూ మాట్లాడొద్దు. మాట్లాడినా, చేయి గాల్లో వేలాడినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా పై అంకె 10 పాయింట్ల దాకా పెరగొచ్చు. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు తీసి సగటు రాయండి. మొదటిసారి రెండు చేతులకూ చూడాలి, తర్వాతెప్పుడూ ఎక్కువ వచ్చిన చేతికే.

పట్టీ కొలత చాలామంది పట్టించుకోరు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపుతో చుట్టుకొలత తీయండి. మామూలుగా మిషన్‌తో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. అంతకంటే లావు చేతికి దాన్నే బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది, అక్కర్లేని మందు మొదలవుతుంది. మిషన్ కొనేటప్పుడు మణికట్టువి కాకుండా పైచేతికి పెట్టేవి, కచ్చితత్వం పరీక్షించినవి అడగండి. ఇంటిదాన్ని ఏడాదికోసారి షాపుకో ఆస్పత్రికో తీసుకెళ్లి పక్కపక్కన పోల్చండి.

షాపులో 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అప్పుడే కంగారు అక్కర్లేదు, వదిలేయనూ వద్దు. ఇంట్లో ఏడు రోజులు చూడండి: ఉదయం మందుకూ టిఫినుకూ ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటి రోజు అంకెలు కొట్టేయండి. మిగిలిన ఆరు రోజుల 24 అంకెల సగటు 135/85 దగ్గరో, పైనో ఉంటే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నచ్చని అంకె వచ్చిందని మళ్లీ మళ్లీ తీసి, తక్కువ వచ్చినదే రాసుకునే అలవాటు చాలామందికుంటుంది. మిషన్ మెమరీ చూపిస్తే ఆ బెడద ఉండదు.

180/120 దాటితే అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చేయీకాలూ లాగేయడం, చూపు మసకబారడం ఏ ఒక్కటి తోడున్నా షాపులో మందు అడగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏమీ లేకపోయినా అదే రోజు డాక్టరును కలవాలి. మిషన్ మీద గుండె లయ సరిగా లేదన్న గుర్తు పదేపదే కనిపిస్తే ఈసీజీ తీయించాలి. పక్షవాతానికి దారితీసే ఒక రకం లయ దోషం అలాగే దొరుకుతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లు కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూసుకోండి. పై అంకె 20 తగ్గితే చెప్పాల్సిన విషయమే.

షుగర్, నడుము, బరువు

వేలి చుక్క పరీక్ష జల్లెడ లాంటిది, తీర్పు కాదు. మంచి గ్లూకోమీటర్ కూడా 15 శాతం అటూఇటూ చూపించవచ్చు. అసలు 126 ఉంటే మిషన్ 107 అన్నా, 145 అన్నా దాని హద్దులోనే ఉన్నట్టు. అందుకే పరగడుపున 100 దాటితే ల్యాబులో రక్తనాళం నుంచి తీసిన రక్తంతో చూడాలి. అక్కడ 100 నుంచి 125 వరకు షుగర్‌కు ముందు దశ, 126 నుంచి షుగర్ జబ్బు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అయితే 5.7 నుంచి 6.4 శాతం ముందు దశ, 6.5 నుంచి జబ్బు. లక్షణాలేమీ లేకుంటే ఇంకోసారి పరీక్షించాకే ఖాయం చేస్తారు. రక్తహీనత ఉన్నవాళ్లు ఆ సంగతి చెప్పాలి, హెచ్‌బీఏ1సీ తప్పుదోవ పట్టించవచ్చు.

వేలు గుచ్చేముందు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. పండు ఒలిచిన వేలితో చూస్తే అంకె ఎక్కడికో పోతుంది. టెస్ట్ స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే తేమకు పాడవుతాయి.

నడుము చుట్టుకొలత చివరి పక్కటెముకకూ తుంటి ఎముక అంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక తీయాలి. దక్షిణాసియా మూలాలున్న మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే బరువు ఎంతున్నా షుగర్, గుండె పరీక్షలు వాయిదా వేయకూడదు.

టీకాల లెక్క

పిల్లల టీకా కార్డు అందరి దగ్గరా ఉంటుంది, పెద్దవాళ్లది ఎవరి దగ్గరా ఉండదు. మీ కాగితంలో ఒక మూల దీనికి కేటాయించి, వేయించుకున్న తేదీలు రాయండి. ఫ్లూ టీకా ఏటా. ధనుర్వాతం, డిఫ్తీరియా బూస్టర్ పదేళ్లకోసారి. హెపటైటిస్ బీ సాధారణంగా మూడు డోసులు: మొదటిది, నెలకు, ఆరు నెలలకు. మధ్యలో ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. న్యుమోనియా టీకా, 50 దాటినవాళ్లకు అక్కి టీకా ఎవరికి ఎప్పుడన్నది మీ దేశపు పట్టికను బట్టి అడగండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాకు 9 నుంచి 14 ఏళ్లు అనువైన వయసు.

మెథోట్రెక్సేట్, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, బయలాజిక్ ఇంజెక్షన్లు వంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టబోతుంటే ముందే టీకాల సంగతి తేల్చుకోండి. మొదలయ్యాక బతికున్న క్రిములతో చేసే టీకాలు వేయకూడదు, మిగతావి కూడా సరిగా పట్టవు. టీకా వేయించుకున్నాక 15 నిమిషాలు అక్కడే కూర్చోవాలి. ఇంకా తెరవని ఇన్సులిన్, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి లాగే గడ్డకట్టడం కూడా ప్రమాదమని కొందరికి తెలియదు. ఇన్సులిన్‌ను మంచుముక్కకు ఆనించి తీసుకెళితే ఇంటికి చేరేసరికి పనికిరాకుండా పోవచ్చు.

నెలకో తేదీ

ఇప్పటివరకు చేసిందంతా నిలబడేది ఇక్కడే. అన్ని మందులూ ఒకే తేదీకి అయిపోయేలా ఒకసారి సర్దించుకోండి. తక్కువపడిన వాటికి కొన్ని మాత్రలు విడిగా ఇచ్చి ఫార్మసిస్టు ఆ తేదీ కుదురుస్తారు. ఇక నెలకు ఒక్కసారే వెళ్లాలి. వెళ్లినప్పుడు బీపీ, మిగిలిన మాత్రల లెక్క, కొత్త బాధలు, ఈ మూడూ అయిదు నిమిషాల్లో అయిపోతాయి.

లెక్క తేలిక. 30 రోజుల మందు కొన్న 38 రోజులకు మళ్లీ కొంటే ఎనిమిది రోజులు వదిలేసినట్టే. పదిలో ఎనిమిది రోజులైనా వేసుకుంటేనే మందు సరిగా వాడుతున్నట్టు లెక్కిస్తారు, అంటే నెలకు 24 రోజులు. అదే పనిగా లెక్క తప్పుతుంటే కారణం అడగాలి, తిట్టకూడదు. మర్చిపోయేవాళ్లకు వారపు మాత్రల డబ్బా పనికొస్తుంది. వికారం పుట్టి మానేసేవాళ్లకు అది దేనికీ పనికిరాదు, వాళ్లకు వేళ మార్చడమో మందు మార్చడమో కావాలి. ఖర్చు భరించలేక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లు నోరు విప్పి చెబితే అదే మందు తక్కువ ధర రకం దొరకవచ్చు.

వారపు డబ్బా విషయంలో ఒక గట్టి హెచ్చరిక. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునేది. దాన్ని పొరపాటున రోజువారీ గడుల్లో నింపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో ప్యాకెట్ మీద ఫార్మసిస్టు చేత పెద్దగా రాయించి, వేరే చోట పెట్టండి. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు కూడా డబ్బాలో వేయకూడదు, వచ్చిన గాజు సీసాలోనే ఉండాలి.

కొత్త మందు ఏది మొదలైనా మొదటి నెల ఆ మందుకు పరీక్షాకాలం. ఇంగ్లండ్‌లో 2011 నుంచి నడుస్తున్న పద్ధతి ప్రకారం కొత్త మందు ఇచ్చాక వారం, రెండు వారాల మధ్య ఒకసారి, ఆపై రెండు మూడు వారాలకు మరోసారి ఫార్మసిస్టు మాట్లాడతారు. మీ షాపులో అలాంటిదేమీ లేకపోతే పదో రోజున మీరే ఫోన్ చేయండి. మందు మానేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పకుండా మానేసేది ఈ రోజుల్లోనే.

పొగ మానాలనుకుంటే, గర్భం కోసం ప్రయత్నిస్తుంటే

నికోటిన్ గమ్ కొనేటప్పుడు నిద్ర లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ కాలుస్తారో లేదో చెప్పండి. కాల్చేవాళ్లకు 4 మి.గ్రా., మిగతావాళ్లకు 2 మి.గ్రా. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు. దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, గుండెలో మంట వచ్చి "నాకు పడలేదు" అని పారేస్తారు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమలాలి, తగలగానే బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింకులు తాగితే నికోటిన్ ఒంటికి పట్టదు.

ఆయాసానికి థియోఫిలిన్, మానసిక జబ్బుకు క్లోజపిన్ వాడేవాళ్లు పొగ మానేముందే చెప్పాలి. పొగ వల్ల త్వరగా కరిగిపోయే ఈ మందులు పొగ మానగానే ఒంట్లో పేరుకుంటాయి, డోసు తగ్గించాల్సి రావచ్చు.

గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు కనీసం నెల ముందే మొదలుపెట్టి మొదటి 12 వారాలూ కొనసాగించాలి. షుగర్, మూర్ఛ మందులు ఉన్నవాళ్లకు ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు, అది డాక్టరే రాయాలి.

షాపు దగ్గర ఆగకూడని లక్షణాలు

రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, మింగుడు పడకపోవడం, ప్రయత్నించకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం లేదా అందులో రక్తం, రొమ్ములో గడ్డ, మానని పుండు. వీటికి కౌంటర్ మీద మందు అడగకండి, ఎవరైనా ఇవ్వబోయినా తీసుకోకండి. రెండు వారాలకు మించి గ్యాస్ మాత్ర కావాల్సి వస్తున్నా అంతే. క్యాన్సర్ ముందస్తు పరీక్షలు ఏ వయసు నుంచి, ఎన్నేళ్లకోసారి అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. మీ వయసుకు బాకీ ఉన్నవేవో నెలవారీ తేదీల్లో ఒకరోజు అడిగి, కాగితం మీద తేదీలతో సహా రాసుకోండి.

ఏడాదికోసారి మళ్లీ సంచీ

పుట్టినరోజు నెల పెట్టుకుంటే గుర్తుంటుంది. పాత కాగితం పక్కన పెట్టి కొత్తది రాయండి. ఆస్పత్రిలో చేరి ఇంటికొస్తే ఏడాది దాకా ఆగొద్దు, అదే వారం చేయించాలి. డిశ్చార్జి చీటీలో మారిన మందు ఒకటి, ఇంట్లో ఉన్న పాతది ఒకటి, రెండూ కలిపి వేసుకునేది అప్పుడే. కాగితం ఫొటో ఒకటి మీ ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉండాలి.

గడువు తీరినవి, ఆపేసినవి విడిగా తీయండి. కంటి చుక్కల సీసాలు చాలావాటిని తెరిచిన 28 రోజులకు పారేయాలి కాబట్టి తెరిచిన తేదీ సీసా మీద రాయడం అలవాటు చేసుకోండి. షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే షీటులోంచి తీసి, వాడేసిన కాఫీ పొడిలోనో మట్టిలోనో కలిపి, మూసిన కవర్లో పెట్టి చెత్తలో వేయండి, టాయిలెట్‌లో పోయకండి. సూదులు విడిగా, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో. ప్యాకెట్ మీద మీ పేరుంటే పారేసేముందు కొట్టేయండి.